భాగం – 9 : సంగీత సంగ్రహానికి ధ్వని కంప్రెషన్ ఎంపిక

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ధ్వని అంకెలుగా మారే విధం
9.3 నష్టరహిత కంప్రెషన్, నష్టసహిత కంప్రెషన్
9.4 చెవికి వినపడనిది వదలడం
9.5 మూలప్రతికి సెట్టింగులు
9.6 వినే ప్రతికి సెట్టింగులు
9.7 ఒక సంగ్రహం – లెక్క
9.8 చెవి పరీక్ష
9.9 సారాంశం
9.10 ముఖ్య పదాలు
9.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు
9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• ధ్వని ఫైలు ఎంత చోటు తీసుకుంటుందో లెక్కకట్టగలుగుతారు.
• నష్టరహిత, నష్టసహిత కంప్రెషన్ల మధ్య తేడాను వివరించగలుగుతారు.
• మూలప్రతికి, వినే ప్రతికి వేరువేరు సెట్టింగులు ఎందుకు అవసరమో చెప్పగలుగుతారు.
• మీ ఇంట్లోని క్యాసెట్లకు, సీడీలకు తగిన సెట్టింగును మీరే నిర్ణయించుకోగలుగుతారు.

9.1 పరిచయం

చిక్కడపల్లిలోని త్యాగరాయ గాన సభలో కచేరీలు, నాటకాలు, సాహిత్య సభలు తరచుగా జరుగుతుంటాయి. విద్యానగర్, నారాయణగూడ, అశోక్ నగర్ నుంచి శ్రోతలు అక్కడికి వస్తుంటారు. సంగీతం నేర్పే త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల రామ్‌కోటిలో ఉంది. ఇటువంటి పేటల్లోని పాత ఇళ్లలో బీరువా తెరిస్తే క్యాసెట్ల పెట్టె ఒకటి కనిపించడం వింతేమీ కాదు.

ఆ పెట్టెలో సాధారణంగా రెండు రకాల క్యాసెట్లు ఉంటాయి. ఘంటసాల భగవద్గీత, సినిమా పాటలు, పేరున్న విద్వాంసుల కృతులు వంటివి అంగట్లో కొన్నవి. ఇవి పాడైపోయినా మరో చోట దొరుకుతాయి. రెండో రకం ఇంట్లోవాళ్లు రికార్డు చేసుకున్నవి: గురువుగారు చెప్పిన పాఠం, అమ్మమ్మ పాడిన మంగళహారతి, ఎప్పుడో ఒక సాయంత్రం విన్న హరికథ. వీటికి ఆ ఒక్క క్యాసెట్టు తప్ప లోకంలో మరో ప్రతి లేదు.

ఫిలిప్స్ సంస్థ 1963లో పరిచయం చేసిన ఈ క్యాసెట్టులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. టేపు మీది అయస్కాంత పూత కాలంతోపాటు బలహీనపడుతుంది. అందుకే చాలా కుటుంబాలు ఇప్పుడు వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాయి. ఎక్కించడం పూర్తయ్యాక క్యాసెట్లు పాత సామాన్లవాడికి వెళ్లిపోతాయి. కనుక ఫైలును భద్రపరిచే రోజున మనం ఎంచుకున్న సెట్టింగే ఆ గొంతుకు ఇక మిగిలే రూపం. ఆ ఎంపిక ఎలా చేయాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

9.2 ధ్వని అంకెలుగా మారే విధం

ధ్వని గాలిలో ఏర్పడే ఒత్తిడి తరంగం. మైకు దాన్ని విద్యుత్ తరంగంగా మారుస్తుంది. కంప్యూటర్ ఆ తరంగం ఎత్తును సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఒక్కొక్క కొలతను శాంపిల్ అంటారు. మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. ఒక పౌనఃపున్యాన్ని సరిగా పట్టుకోవాలంటే దానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలి. 1982లో వెలువడిన ఆడియో సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు ఉండడానికి కారణం ఇదే.

ప్రతి శాంపిల్‌ను ఎంత సూక్ష్మంగా రాయాలో బిట్ల సంఖ్య చెబుతుంది. 16 బిట్లయితే 65,536 మెట్లు ఉంటాయి. ఎడమ, కుడి రెండు ఛానళ్లు కాబట్టి సీడీ ధ్వనికి ఒక సెకనుకు కావలసిన బిట్లు:

44,100 × 16 × 2 = 14,11,200 బిట్లు, అంటే సుమారు 1,411 కిలోబిట్లు.

సెకనుకు ఖర్చయ్యే ఈ బిట్ల సంఖ్యనే బిట్ రేటు అంటారు. 8 బిట్లు ఒక బైటు కాబట్టి, ఐదు నిమిషాల పాటకు సుమారు 53 మెగాబైట్లు, గంట కచేరీకి సుమారు 635 మెగాబైట్లు అవుతాయి. ఈ భాగంలో ఒక మెగాబైటును పది లక్షల బైట్లుగా తీసుకున్నాం.

ఇంటర్నెట్ టెలిఫోను తీగ మీద వచ్చిన రోజుల్లో మోడెమ్ వేగం గరిష్ఠంగా సెకనుకు 56 కిలోబిట్లు. ఆ వేగంతో ఐదు నిమిషాల సీడీ పాట దించుకోవడానికి రెండు గంటలు దాటేది. అదే పాటను 128 కిలోబిట్ల ఎంపీ3గా మార్చితే పన్నెండు నిమిషాల లోపే వచ్చేది. 128 అనే అంకె జనంలో స్థిరపడిపోవడానికి ఆనాటి తీగల ఇరుకు ఒక ముఖ్య కారణం. ఆ ఇరుకు ఇప్పుడు లేదు. అలవాటు మాత్రం మిగిలింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
ఒకే ఛానల్‌తో, 44,100 శాంపిళ్లు, 16 బిట్లతో రికార్డు చేసిన 45 నిమిషాల పాఠం కంప్రెషన్ లేకుండా ఎన్ని మెగాబైట్లు అవుతుంది?

9.3 నష్టరహిత కంప్రెషన్, నష్టసహిత కంప్రెషన్

రామకోటి పుస్తకం గురించి ఆలోచించండి. అందులో ఒకే నామం కోటిసార్లు ఉంటుంది. దాన్ని మరొకరికి తెలియజేయాలంటే "ఈ నామం, కోటిసార్లు" అంటే చాలు. ఆ మాటను బట్టి అవతలివారు పుస్తకంలోని అక్షరాలన్నీ తిరిగి రాయగలరు. పునరుక్తిని మాత్రమే తగ్గించి, విషయాన్ని ఏమాత్రం పోగొట్టని ఈ పద్ధతిని నష్టరహిత కంప్రెషన్ అంటారు.

సంగీతంలో ఒకే శాంపిల్ అచ్చంగా పునరావృతం కాదు. కాని ఇంతకుముందు వచ్చిన శాంపిళ్లను బట్టి రాబోయేదాన్ని చాలావరకు ఊహించవచ్చు. 2001లో విడుదలైన ఫ్లాక్ అనే పద్ధతి ఇదే చేస్తుంది. ఊహకూ వాస్తవానికీ ఉన్న చిన్న తేడాను మాత్రమే రాసుకుంటుంది. తిరిగి విప్పినప్పుడు ఒక్క బిట్టు కూడా తేడా లేకుండా అసలు ధ్వని వస్తుంది. తంబుర నాదం వంటి నిలకడ ధ్వని ఊహకు సులభంగా అందుతుంది. టేపు మీది బుసబుస శబ్దానికి క్రమం లేదు కాబట్టి అది అందదు. అందుకే బుస ఎక్కువగా ఉన్న పాత క్యాసెట్టు ఫ్లాక్‌లో అంతగా తగ్గదు. సాధారణంగా ఫ్లాక్ ఫైలు అసలు పరిమాణంలో సగానికి కాస్త అటూఇటూగా ఉంటుంది. యాపిల్ పరికరాల్లో వాడే అలాక్ కూడా నష్టరహిత పద్ధతే.

రెండో పద్ధతి వేరు. అన్నమాచార్య సంకీర్తనలు రాగిరేకుల మీద మనకు దక్కాయి. వాటిమీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. పాడే వరుసను తెలిపే స్వరలిపి మాత్రం సాధారణంగా లేదు. 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు ఎన్నో కీర్తనలను కొత్తగా స్వరపరిచారు. అవి మనోహరంగా ఉన్నాయి. కాని అన్నమయ్య పాడిన వరుస ఇదేనని ఎవరూ నిశ్చయంగా చెప్పలేరు. రేకు మీదికి ఎక్కనిదాన్ని తరవాతివారు కొత్తగా కల్పించగలరు గాని తిరిగి తీసుకురాలేరు.

నష్టసహిత కంప్రెషన్‌లోనూ ఇంతే. ఎంపీ3, ఏఏసీ, వోర్బిస్, ఓపస్ ఈ కోవకు చెందినవి. ఇవి ధ్వనిలో కొంత భాగాన్ని శాశ్వతంగా వదిలేస్తాయి. 128 కిలోబిట్ల ఫైలును తరవాత 320కి మార్చినా, ఫ్లాక్‌గా మార్చినా సైజు పెరుగుతుంది గాని పోయినది రాదు. పైగా ఒక నష్టసహిత పద్ధతి నుంచి మరో నష్టసహిత పద్ధతికి మార్చిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది.

9.4 చెవికి వినపడనిది వదలడం

నష్టసహిత పద్ధతులు ఇష్టం వచ్చినట్టు వదిలేయవు. చెవి స్వభావాన్ని ఆధారం చేసుకుంటాయి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర సాయంత్రం పూట నిలబడి మాట్లాడుకుంటుంటే, పక్కనే బస్సు హారను మోగగానే మీ స్నేహితుడి మాట వినపడదు. మాట ఆగలేదు, పెద్ద శబ్దం దాన్ని కప్పేసింది. దీన్ని ఆచ్ఛాదనం అనవచ్చు. అదేవిధంగా ఒక బలమైన స్వరం, తనకు దగ్గరి పౌనఃపున్యంలో ఉన్న బలహీనమైన ధ్వనిని కప్పేస్తుంది. ఎన్‌కోడర్ అలా కప్పబడిన భాగాలను గుర్తించి, వాటికి తక్కువ బిట్లు ఇస్తుంది లేదా అసలే ఇవ్వదు.

కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు ఎంపీ3 రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించారు. వాద్యాలు లేకుండా సుజాన్ వేగా పాడిన ఒక పాటను బ్రాండెన్‌బర్గ్ పరీక్షకు వాడారు. ఒంటరి గొంతును కప్పడానికి తోడు వాద్యం లేదు కాబట్టి చిన్న లోపం కూడా అందులో బయటపడుతుంది. శ్రుతి మీద ఒక్క గొంతు సాగే ఆలాపనకు, తోడు లేకుండా పాడిన మంగళహారతికి ఈ విషయం వర్తిస్తుంది. వినడానికి సాదాగా ఉన్న ధ్వని ఎన్‌కోడర్‌కు సులభమని అనుకోకూడదు.

రెండో చిక్కు హఠాత్తుగా పుట్టే శబ్దాలతో వస్తుంది. ఎంపీ3 ధ్వనిని చిన్నచిన్న ముక్కలుగా తీసుకుంటుంది. ఒక ముక్కలో జరిగిన పొరపాటు ఆ ముక్క అంతటా పరుచుకుంటుంది. హరిదాసు చిడతలు కొట్టిన చోట బిట్లు చాలకపోతే, దెబ్బ పడటానికి ముందే లీలగా ఒక చిన్న సవ్వడి వినిపిస్తుంది. దీన్ని పూర్వ ప్రతిధ్వని అనవచ్చు. గజ్జెలు, తాళాలు, సభలోని చప్పట్లు కూడా ఇదే కోవలోవి. కాబట్టి హరికథకు, నృత్యానికి మామూలు పాటకన్నా కొంచెం ఉదారంగా బిట్లు ఇవ్వాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
బుస శబ్దం ఉన్న క్యాసెట్టు ఫ్లాక్‌లో ఎందుకు ఎక్కువ చోటు తీసుకుంటుంది?

9.5 మూలప్రతికి సెట్టింగులు

మూలప్రతి అంటే భద్రపరచడానికి ఉద్దేశించినది. దీనికి ఒకే నియమం: నష్టరహిత పద్ధతి తప్ప మరొకటి వాడకూడదు.

(అ) క్యాసెట్టు నుంచి తీసేటప్పుడు: 48,000 శాంపిళ్లు, 24 బిట్లు ఎంచుకోండి. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం అనలాగ్ రికార్డులకు సూచించిన కనీస ప్రమాణం ఇదే. 24 బిట్లు ఉంటే ధ్వని స్థాయిని కాస్త తక్కువగా పెట్టుకున్నా నష్టం లేదు. అత్యధిక ధ్వని గరిష్ఠ స్థాయికి 6 డెసిబెళ్లు దిగువన ఉండేలా చూసుకోండి. స్థాయి మించి తల తెగిన తరంగాన్ని ఏ కంప్రెషనూ బాగుచేయదు.

(ఆ) సెట్టింగు కన్నా ముందు యంత్రం: ప్లేయర్ హెడ్‌ను శుభ్రం చేయించండి, హెడ్ వాలును సరిచేయించండి. వాలు తప్పితే పై పౌనఃపున్యాలు మసకబారుతాయి. కేబుళ్లు కోఠి గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజారులో దొరుకుతాయి. ఇక్కడ పోయిన స్పష్టతను ఎంత పెద్ద బిట్ రేటూ తేలేదు.

(ఇ) ఫ్లాక్ స్థాయి: ఫ్లాక్‌లో 0 నుంచి 8 వరకు స్థాయులు ఉంటాయి. ఇవి నాణ్యత స్థాయులు కావు. అన్నింటిలోనూ ధ్వని ఒకటే. పెద్ద అంకె ఎంచుకుంటే ఫైలు కొద్దిగా చిన్నదవుతుంది, తయారవడానికి కొద్దిగా ఎక్కువ సమయం పడుతుంది. ముందే ఉన్న 5ను అలాగే ఉంచినా సరిపోతుంది.

(ఈ) సీడీలు: 44,100 శాంపిళ్లు, 16 బిట్లు ఎలా ఉన్నవి అలాగే తీయండి. 24 బిట్లకు పెంచితే కొత్త సమాచారం ఏదీ చేరదు.

(ఉ) ఇప్పటికే ఎంపీ3గా ఉన్నవి: వంద పాటల సీడీలో కొన్నవైనా, ఫోనుకు వచ్చినవైనా అవే మీకు మూలప్రతులు. వాటిని మార్చకుండా అలాగే దాచుకోండి.

(ఊ) శుద్ధి: బుస తగ్గించడం, స్వరం పెంచడం వంటి పనులు మూలప్రతి మీద చేయకండి. ప్రతి తీసుకుని దాని మీద చేయండి. రేపు ఇంతకన్నా మంచి సాధనం వస్తే, దానికి ఇవ్వడానికి చెక్కుచెదరని మూలం ఉండాలి.

ఫ్లాక్ ఫైలు తనలోని ధ్వనికి ఒక సరిచూపు సంఖ్యను దాచుకుంటుంది. ఏడాదికొకసారి సాఫ్ట్‌వేర్‌తో పరీక్షిస్తే ఫైలు చెడిందో లేదో తెలుస్తుంది. చెడిందని తెలిసినప్పుడు పనికొచ్చేది రెండో ప్రతి. కాబట్టి మూలప్రతిని కనీసం రెండు డిస్కుల్లో ఉంచి, వాటిలో ఒకదాన్ని వేరే ఇంట్లో పెట్టండి.

9.6 వినే ప్రతికి సెట్టింగులు

ఫోనులోనో కారులోనో పెట్టుకునే ప్రతికి నష్టసహిత పద్ధతే అనుకూలం. మూలప్రతి భద్రంగా ఉన్నప్పుడు ఇక్కడ ఏ ఎంపిక చేసినా భయం లేదు. నచ్చకపోతే చెరిపి మళ్లీ తయారుచేసుకోవచ్చు.

ముందుగా పద్ధతిని ఎంచుకోవాలి. పాత కారు ప్లేయరు, చిన్న స్పీకరు పెట్టె వంటివాటికి ఎంపీ3 నమ్మకమైనది. ఫోనులకు ఏఏసీ బాగుంటుంది. 2012లో ప్రమాణంగా వెలువడిన ఓపస్ తక్కువ బిట్లలో వీటికన్నా మెరుగుగా పనిచేస్తుంది, కాని పాత పరికరాలు దాన్ని గుర్తించవు.

తరవాత బిట్ రేటు. స్థిర బిట్ రేటులో ప్రతి సెకనుకూ ఒకే సంఖ్యలో బిట్లు ఖర్చవుతాయి. ఇది రద్దీ ఉన్నా లేకున్నా గంటకు అన్నే బస్సులు నడపడం వంటిది. చర బిట్ రేటులో నిశ్శబ్దానికి తక్కువ, తని ఆవర్తనానికి ఎక్కువ బిట్లు వెళతాయి. అదే సైజులో మొత్తం మీద మెరుగైన ఫలితం వస్తుంది కాబట్టి చర బిట్ రేటునే ఎంచుకోండి. లేమ్ అనే ఎంపీ3 ఎన్‌కోడర్‌లో దీనికి వీ0 నుంచి వీ9 వరకు స్థాయులు ఉన్నాయి. ఇక్కడ అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. వీ0 సగటున 245, వీ2 సగటున 190, వీ5 సగటున 130 కిలోబిట్ల దగ్గర ఉంటాయి.

ధ్వనిని బట్టి సూచనలు:
• గాత్ర కచేరీ, సినిమా పాటలు: ఎంపీ3 వీ2 లేదా ఓపస్ 96 నుంచి 128.
• హరికథ, బుర్రకథ, గజ్జెలు ఉన్న నృత్యం: ఎంపీ3 వీ0 లేదా ఓపస్ 160.
• ప్రసంగం, మాటలే ఉన్న పాఠం: ఒకే ఛానల్‌లో ఓపస్ 32 లేదా ఎంపీ3 64.

పాత రికార్డింగులు చాలావరకు ఒకే ఛానల్‌వి. వాటిని రెండు ఛానళ్లుగా తీసినా "జాయింట్ స్టీరియో" అనే సెట్టింగు రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని ఒకసారే రాస్తుంది. ఈ సెట్టింగును తీసివేయకండి.

9.7 ఒక సంగ్రహం – లెక్క

విద్యానగర్‌లోని ఒక ఇంట్లో గంట నిడివి గల క్యాసెట్లు 120 ఉన్నాయనుకుందాం. మొత్తం 120 గంటలు. 48,000 శాంపిళ్లు, 24 బిట్లు, రెండు ఛానళ్లు అంటే సెకనుకు 2,304 కిలోబిట్లు.

• కంప్రెషన్ లేకుండా: సుమారు 124 గిగాబైట్లు
• ఫ్లాక్ (అసలులో 60 శాతం అనుకుంటే): సుమారు 75 గిగాబైట్లు
• ఎంపీ3 వీ2: సుమారు 10 గిగాబైట్లు
• ఎంపీ3 128: సుమారు 7 గిగాబైట్లు
• ఓపస్ 96: సుమారు 5 గిగాబైట్లు

ఈ పట్టిక నుంచి రెండు విషయాలు గమనించండి. ఒకటి, వీ2కు బదులు 128 వాడితే మిగిలేది దాదాపు 3 గిగాబైట్లు మాత్రమే. రెండు, ఫ్లాక్ మూలప్రతి మొత్తం ఒక టెరాబైటు డిస్కులో పదమూడో వంతుకు మించదు. "చోటు చాలదు" అనే కారణంతో గురువుగారి గొంతును ఎంపీ3గా మాత్రమే ఉంచాల్సిన అవసరం ఈనాడు లేదు.

9.8 చెవి పరీక్ష

పెద్ద అంకె కనపడగానే మంచి ధ్వని విన్నట్టు అనిపించడం సహజం. అందుకే అంకె చూడకుండా వినాలి. ఈ అభ్యాసాన్ని ఇంట్లో మరొకరి సాయంతో చేయండి.

1. ఫ్లాక్ మూలప్రతి నుంచి ముప్పై సెకన్ల ముక్క తీసుకోండి. చిడతలో, ఒంటరి గాత్రమో ఉన్న చోటైతే మంచిది.
2. దాన్ని ఎంపీ3 వీ2గా మార్చండి. రెండూ ఒకే స్థాయిలో వినపడాలి.
3. సహాయకులు ప్రతిసారీ నాణెం ఎగరేసి, దాని ప్రకారం ఒకదాన్ని వినిపించాలి. అది ఏదో మీరు చెప్పాలి. ఇలా పదిసార్లు చేసి రాసుకోండి.

ఊరికే ఊహించి చెప్పినా సగటున ఐదు సరిపోతాయి. తొమ్మిది లేదా పది సరిపోవడం కేవలం అదృష్టంతో జరిగే అవకాశం 1,024లో 11, అంటే సుమారు ఒక శాతం. అన్ని సరిపోతే మీ చెవి నిజంగా తేడా పడుతున్నదని నమ్మవచ్చు. అప్పుడు వీ0కు వెళ్లండి. ఐదారు మాత్రమే వస్తే మీకు వీ2 చాలు. వయసుతో పై పౌనఃపున్యాలు వినపడటం తగ్గుతుంది కాబట్టి తాతగారి ఫలితం, మనవరాలి ఫలితం ఒకటే కానక్కరలేదు. మూలప్రతిని ఒక్కరి చెవికి తగ్గట్టు కుదించకూడదని చెప్పడానికి ఇది మరో కారణం.

9.9 సారాంశం

ధ్వనిని కుదించడానికి నష్టరహిత, నష్టసహిత పద్ధతులు ఉన్నాయి. మొదటిది పునరుక్తిని తగ్గిస్తుంది, రెండోది చెవికి అందని భాగాన్ని శాశ్వతంగా వదిలేస్తుంది. మూలప్రతిని ఫ్లాక్ వంటి నష్టరహిత పద్ధతిలో ఒక్కసారి జాగ్రత్తగా తయారుచేయాలి. వినే ప్రతులను దాని నుంచి అవసరాన్ని బట్టి ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు. నష్టసహిత ఫైలును మరో రూపంలోకి మార్చి నాణ్యత పెంచడం సాధ్యం కాదు. మూలప్రతిని పరీక్షించి, రెండు చోట్ల భద్రపరిచి, వినిచూసిన తరవాతే క్యాసెట్టును వదిలించుకునే ఆలోచన చేయాలి.

9.10 ముఖ్య పదాలు

శాంపిల్: తరంగం ఎత్తును ఒక క్షణంలో కొలిచిన విలువ.
బిట్ రేటు: ఒక సెకను ధ్వనికి ఖర్చయ్యే బిట్ల సంఖ్య.
ఆచ్ఛాదనం: బలమైన ధ్వని బలహీనమైన ధ్వనిని వినపడకుండా కప్పడం.
పూర్వ ప్రతిధ్వని: హఠాత్తు శబ్దానికి ముందే కంప్రెషన్ లోపం వినిపించడం.
మూలప్రతి: భద్రపరచడానికి ఉంచే నష్టరహిత ప్రతి.

9.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. 44,100 × 16 = 7,05,600 బిట్లు; 45 నిమిషాలు 2,700 సెకన్లు; 8తో భాగిస్తే సుమారు 238 మెగాబైట్లు.
2. బుస శబ్దానికి క్రమం లేదు. రాబోయే శాంపిల్‌ను ఊహించడం కుదరదు కాబట్టి రాసుకోవలసిన తేడాలు పెద్దవిగా ఉంటాయి.

9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నష్టరహిత, నష్టసహిత కంప్రెషన్లను ఉదాహరణలతో పోల్చి వివరించండి.
2. ఇంట్లో రికార్డు చేసిన హరికథ క్యాసెట్టును డిజిటల్ రూపంలో భద్రపరచడానికి మీరు అనుసరించే క్రమాన్ని, ప్రతి దశలో ఎంచుకునే సెట్టింగులను కారణాలతో రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఫ్లాక్ స్థాయులు నాణ్యతను సూచిస్తాయా? చర్చించండి.
2. స్థిర బిట్ రేటుకు, చర బిట్ రేటుకు గల తేడా ఏమిటి?
3. 128 కిలోబిట్ల ఎంపీ3ని 320కి మార్చితే ఏమవుతుంది?